యుద్ధకాలపు మంచు మైదానం: కెనడా నేషనల్ హాకీ లీగ్ తొలి సీజన్, 1917-18

హాకీ అన్న మాట వినగానే మన దేశంలో పచ్చిక మైదానమూ, ధ్యాన్‌చంద్ పేరూ స్ఫురిస్తాయి. లద్దాఖ్‌లో శీతకాలాన గడ్డకట్టిన చెరువుల మీద సాగే ఆటను చూసినవారిని మినహాయిస్తే, ఉక్కు స్కేట్లు ధరించి రబ్బరు బిళ్లను తరిమే ఐస్ హాకీతో మనకు పరిచయం స్వల్పం. కెనడాలో పరిస్థితి వేరు. అక్కడ ఏ విశేషణమూ లేకుండా హాకీ అంటే ఐస్ హాకీయే. ఆ ఆటకు నేడు ప్రపంచంలో అత్యున్నతమైనదిగా పరిగణింపబడే నేషనల్ హాకీ లీగ్ 1917 నవంబరు 26వ తేదీన మాంట్రియల్ నగరంలోని విండ్సర్ హోటల్‌లో ఆవిర్భవించింది. ఆ ఆవిర్భావానికి మూలం క్రీడాభిమానం కాదు, ఒక తగాదా.

అంతకు పూర్వం నేషనల్ హాకీ అసోసియేషన్ అనే సంఘం ఉండేది. టొరంటో జట్టు యజమాని ఎడ్డీ లివింగ్‌స్టన్‌తో తక్కిన యజమానులకు పొసగలేదు. చీటికీమాటికీ వివాదం, మాట్లాడితే న్యాయస్థానం. ఆయనను తొలగించడానికి సంఘ నిబంధనలు అడ్డు వచ్చాయి. అందువల్ల వారంతా ఒక ఉపాయం పన్నారు. ఒక్కడిని గెంటలేక ఉమ్మడి కుటుంబమంతా ఇల్లు ఖాళీచేసి పక్కవీధిలో కాపురం పెట్టినట్టు, పాత సంఘంలో లివింగ్‌స్టన్‌ను ఒంటరిగా విడిచి, కొత్త లీగ్‌ను స్థాపించుకున్నారు. పాత సంఘ కార్యదర్శి, పూర్వాశ్రమంలో పాత్రికేయుడు అయిన ఫ్రాంక్ కాల్డర్ కొత్త లీగ్‌కు అధ్యక్షుడయ్యాడు. 1943లో మరణించేవరకు ఆ పదవిలోనే ఉన్నాడు. లివింగ్‌స్టన్ ఆటగాళ్లను మాత్రం వదలుకోలేదు. వారితోనే టొరంటో మైదానం యాజమాన్య సంస్థ ఒక జట్టును నడిపింది. ఆ ఏర్పాటుపై వ్యాజ్యాలు ఏళ్ల తరబడి సాగాయి.

అది యుద్ధం నాలుగవ సంవత్సరం. 1915 ఏప్రిల్‌లో ఈప్ర్ వద్ద జర్మన్ విషవాయువును ఎదుర్కొన్న కెనడా సేనలకు సమీపంలోనే, కొద్ది రోజుల వ్యవధిలో, మన లాహోర్ డివిజన్ కూడా నెత్తురు చిందించింది. 1917 ఏప్రిల్‌లో విమీ గుట్ట పోరులో పదివేలకు పైగా కెనడియన్లు హతులో క్షతగాత్రులో అయ్యారు. స్వచ్ఛందంగా చేరేవారి సంఖ్య తగ్గింది. నిర్బంధ సైనిక సేవకు చట్టం వచ్చింది. ఆంగ్లం మాట్లాడే ప్రాంతాలు దానిని చాలావరకు సమర్థించగా, ఫ్రెంచి మాట్లాడే క్యుబెక్ తీవ్రంగా ప్రతిఘటించింది. డిసెంబరు 6న హాలిఫాక్స్ రేవులో మందుగుండు నౌక పేలి సుమారు 2,000 మంది మరణించారు. డిసెంబరు 17న నిర్బంధ సేవే ప్రధాన వివాదాంశంగా ఎన్నికలు జరిగాయి. దేశాన్ని భాషాపరంగా నిలువునా చీల్చిన ఆ ఎన్నికలు ముగిసిన రెండు రోజులకు, డిసెంబరు 19న, కొత్త లీగ్ తన తొలి ఆటలను ఆరంభించింది.

ఆనాటి రాత్రి మాంట్రియల్‌లో వాండరర్స్ 10-9 గోల్స్‌తో టొరంటోను ఓడించింది. యూనిఫారంలో వచ్చే సైనికులకు ప్రవేశం ఉచితమని ప్రకటించినా చూడవచ్చినవారు సుమారు 700 మంది. వాండరర్స్ ఆటగాడు హ్యారీ హైలాండ్ అయిదు గోల్స్ చేశాడు. అదే రాత్రి ఒటావాలో కెనడియన్స్ తరఫున జో మలోన్ కూడా అయిదు చేశాడు. ఆ సీజన్‌కు క్యుబెక్ నగరపు జట్టు బరిలో దిగకపోవడంతో దాని ఆటగాళ్లను ఇతరులు పంచుకున్నారు. మలోన్ అలా కెనడియన్స్ పాలికి వచ్చాడు. 20 ఆటలలో 44 గోల్స్! ఆ సంఖ్యను 1945లో మారిస్ రిచర్డ్ అధిగమించాడు గాని, ఆయన ఆడిన సీజన్ 50 ఆటలది.

సరిగ్గా రెండు వారాలకు విపత్తు సంభవించింది. 1918 జనవరి 2న మాంట్రియల్ అరీనా అగ్నికి ఆహుతి అయింది. రెండు జట్లకు అదే నెలవు. కెనడియన్స్ చిన్నదైన జూబిలీ రింక్‌కు తరలిపోయింది. వాండరర్స్ యజమాని శామ్ లిక్టెన్‌హైన్ తగినంతమంది ఆటగాళ్లు లేరని అప్పటికే మొర పెట్టుకుంటున్నాడు. అగ్నిప్రమాదం ఆయనకు నిష్క్రమణ మార్గమైంది. అంతకు పూర్వం నాలుగు పర్యాయాలు స్టాన్లీ కప్ గెలిచిన జట్టు, లీగ్‌లో నాలుగే ఆటలాడి అంతరించింది. దీని ప్రాముఖ్యం క్రీడాపరమైనదే కాదు. 1909లో స్థాపితమైన కెనడియన్స్ ఫ్రెంచివారి జట్టుగా పేరుపొందగా, వాండరర్స్ నగరంలోని ఆంగ్ల భాషీయులది. ఒకే పైకప్పు కింద పోటీపడిన రెండు సమాజాలలో ఒకదానికి ఆ చలికాలంలో జట్టు లేకుండా పోయింది. 1924లో మరూన్స్ వచ్చేదాకా ఆ లోటు తీరలేదు.

మూడు జట్లతో లీగ్ కుంటుతూ నడిచింది. అయినా ఆటను మార్చిన నిర్ణయం ఒకటి ఆ నెలలోనే వెలువడింది. గోల్‌కీపర్ నిలబడే బిళ్లను ఆపాలన్నది అప్పటి నియమం. ఒటావా గోల్‌కీపర్ క్లింట్ బెనెడిక్ట్ కాలు జారినట్టు నటిస్తూ తరచుగా మోకాళ్ల మీదికి ఒరిగేవాడు. అది జారడమో, నటనో రిఫరీలకు తేలేది కాదు. జనవరి 9న నియమాన్నే సడలించారు. తప్పును అరికట్టలేక చట్టబద్ధం చేశారనవచ్చు; కాని నేటి గోల్‌కీపర్ విద్య అంతా ఆ సడలింపు నుంచి పుట్టినదే.

సీజన్ మొదటి భాగంలో కెనడియన్స్, రెండవ భాగంలో టొరంటో అగ్రస్థానం పొందాయి. వాటి మధ్య జరిగిన రెండు ఆటల మొత్తంలో టొరంటో 10-7తో నెగ్గి, పశ్చిమ తీరపు విజేత వాంకూవర్‌తో స్టాన్లీ కప్‌కు తలపడింది. తూర్పువారు ఆరుగురితోను, పశ్చిమం వారు ఏడుగురితోను ఆడేవారు. అయిదు ఆటలకూ టొరంటోయే వేదిక. నియమాలను ఒక ఆట విడిచి ఒక ఆటకు మార్చారు. తూర్పు నియమాలతో సాగిన మూడింటిని టొరంటో, పశ్చిమ నియమాలతో సాగిన రెండింటిని వాంకూవర్ గెలుచుకున్నాయి. మార్చి 30న జరిగిన చివరి ఆటను కార్బెట్ డెన్నెనీ గోల్ 2-1గా తేల్చింది.

ఆ సాయంకాలానికి క్యుబెక్ నగరం రెండు రోజులుగా అట్టుడుకుతున్నది. మినహాయింపు పత్రం చూపలేని ఒక యువకుడిని మార్చి 28న పోలీసులు నిర్బంధించడంతో అల్లర్లు చెలరేగాయి. ఏప్రిల్ 1న ఒంటారియో నుంచి రప్పించిన సైనికులు కాల్పులు జరిపారు. నలుగురు పౌరులు మరణించారు.

టొరంటో విజేతలు తమ పేరును కప్‌పై చెక్కించుకోలేదు. ఆ జట్టు మరుసటి సీజన్ పూర్తికాకుండానే, 1919 ఫిబ్రవరిలో, లీగ్ నుంచి తప్పుకుంది. దాని వారసత్వమే యాజమాన్యాలు మారి 1927లో మేపుల్ లీఫ్స్ అయింది. దశాబ్దాల తరువాత లీగ్ వారు ఆ లోటు పూరించి కప్‌పై 'టొరంటో అరీనాస్' అని చెక్కించారు. 1917-18లో ఆడిన జట్టుకు ఆ పేరు ఇంకా రాలేదు.