కొత్త డబ్బాలో కొత్తేముంది?

మావాడు తొమ్మిదో తరగతి. దసరా సెలవుల నుంచి ఒకటే పాట. "అమ్మా, చిట్టీ డబ్బులు వచ్చాయి కదా, ప్లేస్టేషన్ 5 కొందాం" అని. మా మరిది వాడి మాకిచ్చేసిన ప్లేస్టేషన్ 4 ఇంట్లో శుభ్రంగా పనిచేస్తోంది. "కొత్తదాంట్లో కొత్తేముందిరా?" అన్నాను. "నీకు తెలీదమ్మా" అన్నాడు. ఆ మాట మనం ఇంట్లో రోజూ వినేదే కదా! ఈసారి మాత్రం తెలుసుకుందామనే కూర్చున్నాను.

ముందు నాకు తెలిసినది చెప్తాను. నా చిన్నతనంలో పటాన్‌చెరులో మా పక్కింటివాళ్లు టీవీకి తగిలించే వీడియోగేమ్ కొన్నారు. క్యాసెట్‌ను నోటితో ఊది పెడితే మారియో గెంతేవాడు. రిమోట్లు రెండే. ఒకటి మా అన్న చేతిలో, ఇంకోటి పక్కింటి అబ్బాయి చేతిలో. నేను క్యాసెట్లు అందించేదాన్ని. 1983లో జపాన్‌లో నింటెండో సంస్థ ఫ్యామికాం అనే యంత్రం తెచ్చింది. అప్పట్లో మన ఇళ్లలోకి వచ్చిన డబ్బాలు చాలావరకు దాని నకళ్లేనట.

ఆ తర్వాత వచ్చిన మార్పులు నిజంగా పెద్దవి. 1994లో సోనీ మొదటి ప్లేస్టేషన్ వచ్చింది. క్యాసెట్ పోయి సీడీ వచ్చింది. 1996లో నింటెండో 64 వచ్చింది. పక్కకు మాత్రమే నడిచే బొమ్మ అందులో లోపలికీ, బయటికీ, చుట్టూ తిరగగలిగింది. 2000లో వచ్చిన ప్లేస్టేషన్ 2లో డీవీడీ సినిమాలు కూడా చూడొచ్చు. ప్రపంచమంతా కలిపి 15 కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

ఇక్కడే మన హైదరాబాద్ కథ ఉంది. 2009లో హైదరాబాద్‌లోని ఆరోనా టెక్నాలజీస్ వాళ్లు ప్లేస్టేషన్ 2 కోసం బాల హనుమంతుడి ఆట తయారుచేశారు. మన దేశంలో తయారై ఆ యంత్రం మీదికి వచ్చిన మొదటి ఆటగా దాన్ని చెప్తారు. అదే ఏడాది హైదరాబాద్ సంస్థే అయిన గేమ్‌శాస్త్ర 'దేశీ అడ్డా' తెచ్చింది. కబడ్డీ, గిల్లీదండా, గాలిపటాలు అందులోని ఆటలు. అప్పటికే ప్లేస్టేషన్ 3 మార్కెట్లో ఉంది. అయినా మన ఆటలు తొమ్మిదేళ్ల పాత యంత్రం మీదే వచ్చాయి. ఖరీదైన కొత్త యంత్రం కొన్ని ఇళ్లకే చేరుతుంది, పాతదైతే చాలా ఇళ్లలో ఉంటుంది మరి.

నాకు అన్నిటికన్నా నచ్చింది 2006లో వచ్చిన నింటెండో వీ. శక్తిలో అది ప్లేస్టేషన్ 3కి సాటిరాదు. కానీ కంట్రోలర్‌ను చేత్తో పట్టుకుని ఊపితే చాలు, తెర మీద బంతి ఎగిరేది. పది మీటలు నేర్చుకోనక్కర్లేదు. అందుకే ఎప్పుడూ ఆట ముట్టని అమ్మలూ అమ్మమ్మలూ కూడా దాన్ని పట్టుకున్నారు. 10 కోట్లకు పైగా అమ్ముడైంది.

మరి ఇప్పటివి? ప్లేస్టేషన్ 5 మన దేశంలోకి 2021 ఫిబ్రవరి 2న వచ్చింది. డిస్క్ పెట్టే రకం అప్పట్లో 49,990 రూపాయలు. మావాడి వాదనలో నిజం ఉంది. పాత హార్డ్‌డిస్క్ బదులు ఇందులో చాలా వేగమైన ఎస్ఎస్‌డీ ఉంటుంది, ఆట తెరుచుకునేదాకా నిమిషాల తరబడి ఎదురుచూడక్కర్లేదు. కంట్రోలర్ మీట కూడా బరువుగానో తేలిగ్గానో చేతికి తగులుతుంది. ఒప్పుకున్నాను. కానీ 2022లో వచ్చిన 'గాడ్ ఆఫ్ వార్ రాగ్నరాక్' రెండు యంత్రాల మీదా వచ్చింది. కొత్తదాంట్లో బొమ్మ ఇంకా నునుపుగా ఉంటుంది, కథ మాత్రం అదే. రంగు మార్చిన చీరకు కొత్త నేత అని పేరు పెట్టలేం కదా.

ఈ పదేళ్లలో అసలైన కొత్తదనం నాకు రెండు చోట్ల కనిపించింది. ఒకటి 2017 నాటి నింటెండో స్విచ్. టీవీకి పెట్టి ఆడొచ్చు, అదే తీసి చేత్తో పట్టుకుని ఆడొచ్చు. ఇంట్లో సీరియల్ నడుస్తున్నా గొడవ లేదు. రెండోది 2018లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన అడాప్టివ్ కంట్రోలర్. రెండు పెద్ద మీటలు, వెనక వరసగా సాకెట్లు. వేళ్లు సరిగా కదలనివాళ్లు కాలితోనో, మోచేత్తోనో నొక్కే స్విచ్‌లు వాటికి తగిలించి ఆడుకోవచ్చు. 2023లో సోనీ కూడా అలాంటిది తెచ్చింది.

ఇదంతా చదివాక నా కొలత తేలిపోయింది. బొమ్మ ఎంత మెరుస్తుందన్నది కాదు, ఇంతవరకూ ఆడలేనివాళ్లు ఎంతమంది కొత్తగా ఆడగలిగారన్నదే లెక్క. ఆ లెక్కన వీ పెద్దది, అడాప్టివ్ కంట్రోలర్ పెద్దది, ప్లేస్టేషన్ 5 మంచి మెరుగుదల.

ఇది రాస్తూ తలెత్తి చూశాను. మావాడు ఆడుతున్నాడు. ఐదో తరగతి చదివే మా పాప పక్కన కూర్చుని చూస్తోంది. మా ఇంట్లో కంట్రోలర్ ఒక్కటే ఉంది. ఆమె ఎన్నాళ్లుగా అలా చూస్తోందో నేను పట్టించుకోనేలేదు.

ప్లేస్టేషన్ 5 సంగతి పదో తరగతి పరీక్షలయ్యాక చూద్దామని వాడికి చెప్పాను. చిట్టీ డబ్బుల్లోంచి ముందు ఇంకో కంట్రోలర్ కొన్నాం. మొదటి రోజు పాప మూడుసార్లు ఓడిపోయింది. వాడు నవ్వాడు. నాలుగోసారికి వాడే నేర్పడం మొదలుపెట్టాడు.