తోళ్ళ వర్తకుడు పేరయ్య

కొన్నాళ్ళ క్రిందట మా సంఘములో ఒక పెద్దాయన ప్రభువునందు నిద్రించారు. జ్ఞాపకార్థ కూడికలో చదువుటకు ఆయన జీవిత సంగ్రహం వ్రాస్తుండగా కుమారుడు దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, నాన్న తోళ్ళ పని చేసిన సంగతి వ్రాయకండి. మా ఆఫీసు వాళ్ళు వస్తారు" అని మెల్లగా చెప్పాడు. ఆ పనితోనే ఆ తండ్రి బిడ్డలందరినీ చదివించారు. దుఃఖంలో ఉన్నవాని మాట కాదనలేక ఆ వాక్యం కొట్టివేశాను. అది నేటికీ నా మనస్సును బాధిస్తూనే ఉన్నది. అందుచేత ఈ శతాబ్ది సంచికలో యర్రగుంట్ల పేరయ్యగారిని గూర్చి వ్రాయ పూనుకున్నాను.

పేరయ్యగారిది ఒంగోలుకు పడమర సుమారు 40 మైళ్ళ దూరాన ఉన్న తాళ్ళకొండపాడు. కులము మాదిగ. భార్య నాగమ్మగారు. ఊరూరా తిరిగి తోళ్ళ బేరం చేసి సంసారం నడిపేవారు. ఆ రోజుల్లో తోలు లేనిదే సేద్యం లేదు. నీరు తోడే మోటకు తొండం, కాడికి వారు, రైతు కాలికి చెప్పు, అన్నీ ఆ కులస్థుల చేతుల మీదుగా రావలసినవే. అయినా ఆ చేతులు ఊరి బావిని ముట్టరాదు.

కష్టపడి పనిచేస్తూనే ఆయన దేవుని వెదకారు. గురువులను ఆశ్రయించి యోగమార్గం అభ్యసించారు. బేరం మీద ఉత్తరానికి వెళ్ళినప్పుడు ఏలూరులో సి.ఎం.ఎస్. మిషనెరీ అలెగ్జాండర్ దొరగారి బోధ చెవిని పడింది. బాప్తిస్టు సోదరుల చరిత్రలోని ఈ వ్యక్తికి సి.ఎం.ఎస్. సేవతో గల సంబంధం ఇదే. 1866లో నెల్లూరు మిషనెరీ జూయెట్ దొరగారి వలన దంపతులు బాప్తిస్మము పొందారు.

అటుతరువాత బేరానికి తిరిగిన దారులే సువార్తకూ దారులైనాయి. ఎరిగినవారికి, బంధువులకు పేరయ్యగారు తాను కనుగొన్నది చెప్పారు. 1867 జనవరిలో ఒంగోలు మిషనెరీ క్లౌ దొరగారు తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి, పల్లెల నుండి 30, 40 మంది తిండి మూటలతో వచ్చి చింతతోపులో కాచుకొని ఉన్నారు. వారిలో 28 మంది బాప్తిస్మము పొందారు. కోయవచ్చినది దొరగారైతే, విత్తినది తోళ్ళ వర్తకుడు.

ఈ విశ్వాసానికి వెల చెల్లించవలసి వచ్చింది. ఆదివారము పనిచేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మ్రొక్కరాదు అన్నవి ఆ క్రైస్తవుల మూడు కట్టుబాట్లు. చదవడానికి చిన్నవే. కాని రైతు ఆదివారం పిలిస్తే రానన్నవానికి కళ్ళంలో గింజలు పెట్టేదెవరు? ఊరి పెద్దలు కోపించారు. పనులు ఆగినాయి, దెబ్బలు తిన్నవారూ ఉన్నారు. రెక్కాడితేగాని డొక్కాడని సంసారికి ఒక్క దినపు విశ్రాంతి ఎంత గొప్ప అర్పణయో, నెల జీతం తీసుకొనే మనం ఆలోచించాలి.

ఒంగోలులో మరొక శోధన. మాదిగలను చేర్చుకుంటే తాము రామని అగ్రకులస్థులైన కొందరు స్పష్టంగా చెప్పారు. క్లౌ దంపతులు ఎవరి గదిలో వారు బైబిలు తెరువగా, ఇద్దరి కన్నులూ మొదటి కొరింథీ పత్రిక మొదటి అధ్యాయం 26వ వచనము వద్దనే ఆగినవట. లోకము ఎన్నిక చేయనివారిని దేవుడు ఏర్పరచుకొనుటను గూర్చిన భాగమది. తలుపు మూయబడలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మనమందరమూ ఎరుగుదుము. ఆ వేలమందికి ముందు నడిచినవారు పేరయ్యగారు.

ప్రియులారా, మన దేవాలయాల గోడలపై చలువరాతి పలకలున్నవి. వాటిమీద దొరల పేర్లుండుట న్యాయమే. అయితే మన తాతల చేతిపనిని మనమే దాచితే దానిని చెప్పేదెవరు? ఆ పని సిగ్గుపడదగినదైతే, ప్రభువు ఆ దారినే ఎందుకు నడిచారు? ఈ వారమే మీ ఇంటి పెద్దలను అడిగి, వారు ఏ పని చేసి మిమ్మును పెంచారో కుటుంబ బైబిలు మొదటి పుటలో వ్రాసి ఉంచండి. నేను కొట్టివేసిన వాక్యం ఇది: "ఆయన తోళ్ళ పని చేసి బిడ్డలను చదివించారు." పేరు చెప్పకుండానైనా దానిని ఇక్కడ తిరిగి వ్రాస్తున్నాను.