అవిచ్ఛిన్నత: ఒక జొన్నగింజ కథ

తమ నేలలో పుట్టి తమకే కరువైన జొన్నరకములను ఇథియోపియా, కెన్యా మున్నగు దేశములు మన పటాన్‌చెరువులోని అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధనాసంస్థయగు ఇక్రిశాట్ జన్యుభాండాగారమునుండి తిరిగి పొందినవని చదివిననాడు నాకు కలిగిన ఆనందము ఇంతింత కాదు. పుట్టినింట తెగిన పరంపర మంజీరా సీమలో తెగక నిలిచియుండెను! నాటినుండి అవిచ్ఛిన్నత యనునది ఏ రంగమున ఏ రూపు దాల్చినదో వెదకుట మొదలిడితిని.

పటాన్‌చెరువు పారిశ్రామికవాడలో ఎలక్ట్రీషియను మీటరు కొనలను తీగ రెండు చివరలకు ఆనించును. కూత వినబడినచో కంటిన్యూటీ, అనగా అవిచ్ఛిన్నత, ఉన్నది, లేనిచో తీగ తెగినది. నడుమ మెట్టు లేదు. గణితజ్ఞులు ఇంతకంటె ఉదారులు. 1817లో బోల్జానోయు, 1821లో కోషీయు చెప్పిన అవిచ్ఛిన్నతలో చరము ఇసుమంత కదలినచో ఫలమును ఇసుమంతయే కదలవలెను. మార్పునకు అందు నిషేధము లేదు.

ఇక విత్తుల పరంపరకు మరలుదును. పదునొకండవ శతాబ్దిలో కల్యాణి చాళుక్య జయసింహుని నెలవైన పొట్టలకెరె ఈ పటాన్‌చెరువేయని చరిత్రకారులు గుర్తించిరి. రాజుల పేర్లు శాసనములకెక్కినవి. విత్తు దాచిన చేతులు ఎక్కలేదు. ఆపై తొమ్మిది శతాబ్దములు దాటి 1972కు వచ్చుచున్నాను. ఆ ఏట స్థాపితమైన ఇక్రిశాట్‌లో నేడు జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యముల నమూనాలు లక్షా ఇరువది వేలకు మించి కలవు. సున్నకు ఇరువది డిగ్రీలు దిగువ చలిలో నిదురించు ఆ గింజలును శాశ్వతములు కావు. మొలకశక్తి సన్నగిల్లినదని పరీక్షలో తేలినంతనే మరల మట్టిలో విత్తి, పరపరాగము సోకకుండ జొన్నకంకులకు సంచులు తొడిగి, తేనెటీగలు చొరకుండ కందిని వలల పందిళ్లలో పెంచి, క్రొత్తగింజను లోనికి చేర్చుదురు. తరము మారినను గుణము మారరాదని వారి దీక్ష. ఆ నమూనాల నకళ్లు 2008లో తెరచిన స్వాల్‌బార్డ్ ప్రపంచ విత్తనభాండాగారమునకును చేరినవి.

పటాన్‌చెరువున్న జిల్లాలోనే జహీరాబాదు వైపు, డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘముల స్త్రీలు, పెక్కురు దళితులు, బూడిదయు వేపాకును కలిపి విత్తు దాచి, ఏటేట పొలమున చల్లుచుందురు. వారి విత్తు వానను, మట్టిని బట్టి కొంచెము కొంచెముగా మారుచు సాగును. కోషీ చెప్పినది నాకు అచ్చటనే బాగుగా బోధపడినది. ఇక్రిశాట్ శీతలగృహము లేకుండినచో ఇథియోపియాకు ఆ జొన్న తిరిగి వచ్చియుండెడిది కాదు గనుక దానిని తక్కువ చేయను. కాని ఏ వానకు ఏ గింజ, దేనితో కలిపి చల్లవలెనో చెప్పు అవ్వలు పోయిన పల్లెలకు ఆ తెలివిని ఏ భాండాగారము తిరిగి ఇయ్యగలదు? ఆ నష్టమే నన్ను కలచివేయును. అందుకే ఆ సంఘములవారు ఏటేట సంక్రాంతి దినములలో పాతపంటల జాతర సాగించి, ఎడ్లబండ్లపై విత్తనములను ఊరూర త్రిప్పి, రచ్చకట్టలకడ సాగుముచ్చట్లు నడపుచున్నారు.