గౌతమి మీద సాయంకాలం: మన పడవల్లో ఏముండేది?

యానాం రేవులో సాయంత్రం పూట పడవ ఎక్కి కాసేపు గౌతమి మీద తిరిగి రావాలని అడిగే చుట్టాలు ఈ మధ్య ఎక్కువయ్యారు. చెన్నై నుంచి, బెంగళూరు నుంచి, హైదరాబాదు నుంచి వస్తారు. పైరగాలి తగులుతుంది, ఎదుర్లంక వైపు పొద్దు వాలుతుంది, నీళ్లు రాగిరంగుకి తిరుగుతాయి. అంతా బావుందంటారు. ఆ తర్వాత అడిగే మాట మాత్రం ఒక్కటే: "మీది ఫ్రెంచివాళ్ల ఊరు కదండీ, పడవలో వైను ఇవ్వరా?"

పోర్చుగల్లోనో, ఫ్రాన్సులోనో వాళ్లు అలాంటివి చూసి వచ్చారు. పది పన్నెండు మంది పట్టే పడవ, అస్తమయం, చేతిలో గ్లాసు. అడగడంలో తప్పేమీ లేదు. కానీ ఆ ఊళ్లలో పడవకీ వైనుకీ చుట్టరికం ఎలా కుదిరిందో తెలిస్తే, మా రేవు గురించి వేరే ప్రశ్న అడగాలనిపిస్తుంది. అందుకే ఇది రాస్తున్నాం.

పోర్తోలో గ్లాసుకి ఒక లెక్క ఉంది

పోర్చుగల్లో దోరు నది ఒడ్డున పోర్తో నగరం ఉంది. నదిలో పైకి వెళ్తే కొండవాలుల మీద ద్రాక్షతోటలు. 1756లోనే పోంబల్ ప్రభుత్వం ఆ తోటల ప్రాంతానికి హద్దులు గీసి, ఫలానా చోట పండిన ద్రాక్షతో చేసిందే పోర్టు వైను అని నియమం పెట్టింది. కొండల్లో సరైన బాటలు లేవు. వైను పీపాలు ఒక్కొక్కటి దాదాపు 550 లీటర్లు పట్టేవి. వాటిని కిందకి దించాలంటే నది ఒక్కటే దారి. అందుకే "రబెలో" అనే పడవలు పుట్టాయి. అడుగు చదునుగా ఉంటుంది, వెనక చుక్కాని బదులు పొడవాటి తెడ్డు ఉంటుంది. రాళ్లమధ్య వడిగా పారే నీళ్లలో ఆ తెడ్డు పట్టుకుని నిలబడ్డవాడి చేతిలోనే సరుకూ ప్రాణాలూ ఉండేవి. పీపాలు పోర్తోకి ఎదురుగా విలా నోవా ద గాయాలోని గిడ్డంగులకు చేరి, అక్కడ ఏళ్ల తరబడి నిలవుండి, ఓడలెక్కేవి.

19వ శతాబ్దం చివర్లో ఆ లోయకి రైలు వచ్చింది. 20వ శతాబ్దంలో ఆనకట్టలు వచ్చాయి. పడవల పని పోయింది. ఇప్పుడు అదే రూపంలో ఉన్న పడవల్లో యాత్రికులు తిరుగుతారు, ఏటా జూన్ 24న, సెయింట్ జాన్ పండగనాడు, వైను కంపెనీలవాళ్లు రబెలోలతో పందెం కడతారు. అంటే పోర్తోలో సాయంత్రం పడవ మీద గ్లాసు అందుకునేవాడు ఆ పడవ మోసిన సరుకునే రుచి చూస్తున్నాడు. తెడ్డు పట్టినవాడి కష్టం తెలిసినా తెలియకపోయినా అది ఆ గ్లాసులో ఉంది.

మరి మా గౌతమి పడవల్లో ఏముండేది?

మొదట గుడ్డ

ఫ్రెంచి కంపెనీ యానాంలో 1723లో కొఠీ పెట్టింది. లాభం లేదని 1727లో మూసేసింది. 1731లో మళ్లీ తెరిచింది. వచ్చింది మా నది అందం చూసి కాదు, మా చుట్టుపక్కల మగ్గాల కోసం. ఇక్కడికి కాలినడక దూరంలో ఇంజరంలో ఇంగ్లీషువాళ్ల కొఠీ, కాకినాడ పక్కన జగన్నాథపురంలో డచ్చివాళ్ల కొఠీ. మూడు దేశాల కంపెనీలు ఒకే నదీముఖం దగ్గర చేరి, ఒకే నేతగాళ్లకి ముందుగా డబ్బిచ్చి, ఒకే రకం గుడ్డ కోసం పోటీ పడ్డాయి. నేత ఊళ్లనుంచి మూటలు బళ్ల మీదా నాటుపడవల మీదా రేవుకి చేరేవి. ఇక్కడ గౌతమి నుంచి చీలి ఉత్తరంగా పోయే పాయ మీదుగా కోరంగి చేరి, లోతు నీళ్లలో ఉన్న ఓడలకి ఎక్కేవి.

ఆ ఓడలు వచ్చేటప్పుడు వైను కూడా తెచ్చేవి, నిజమే. ఫ్రెంచి కంపెనీ ఓడల మూలస్థానం లోరియాఁ రేవు, బోర్దో వైను ఓడల సామానులో ఒక భాగం. నెలల ప్రయాణంలో పీపాల్లో మంచినీళ్లు పాడయ్యేవి కాబట్టి వైను వాళ్లకి విలాసం కన్నా అవసరం. కానీ అది దొరల బల్ల దాకా, చర్చిలో పూజాపీఠం దాకా వెళ్లిన వస్తువు. యానాంలో 1846లో కట్టిన సెయింట్ ఆన్స్ చర్చి ఇప్పటికీ ఉంది. పడవ నడిపినవాడికీ మగ్గం నేసినవాడికీ ఆ పీపాతో సంబంధం లేదు. మనవాళ్లకి తాటికల్లు ఉండనే ఉంది.

కొఠీ పెట్టారు గానీ ప్రశాంతంగా ఉన్నది తక్కువ. 1758లో చందుర్తి దగ్గర ఇంగ్లీషువాళ్ల చేతిలో ఫ్రెంచి సేన ఓడింది. దాంతో సర్కారు జిల్లాల మీద ఫ్రెంచివాళ్ల పెత్తనం పోయింది. ఆ తర్వాత యూరపులో యుద్ధం వచ్చినప్పుడల్లా యానాం ఇంగ్లీషువాళ్ల చేతిలోకి పోవడం, సంధి కాగానే తిరిగి రావడం. 1814 పారిస్ ఒప్పందం తర్వాత గానీ ఊరు స్థిరంగా ఫ్రెంచివాళ్ల చేతికి రాలేదు. అప్పటికి ఇంగ్లండు మిల్లు గుడ్డ దెబ్బకి మన మగ్గాలు మూలపడటం మొదలైంది.

తర్వాత మనుషులు

గుడ్డ తగ్గాక పడవలెక్కింది మనుషులు. 1828లో యానాం నుంచి పదిహేనుమంది తెలుగువాళ్లని రీయూనియన్ దీవికి తీసుకెళ్లారు. అప్పట్లో దాని పేరు బూర్బోఁ. చెరుకు తోటలకి కూలీలు కావాలి, కొత్తగా బానిసలని తేవడానికి చట్టం ఒప్పుకోదు, అందుకని ఒప్పంద కూలీ అనే పద్ధతి పెట్టారు. తర్వాతి ఒకటి రెండేళ్లలో ఇంకా చాలామంది వెళ్లారు. హిందూమహాసముద్రంలోని ఆ దీవికి ఒప్పందం మీద వెళ్లిన భారతీయుల్లో మొదటివాళ్లు మా రేవు దాటినవాళ్లే. ఇప్పుడు అక్కడ భారతీయ మూలాలున్నవాళ్లని, తమిళులనీ తెలుగులనీ తేడా లేకుండా, మలబార్లు అంటారు. మలబారు తీరానికీ వీళ్లకీ సంబంధం లేదు. పేరు కూడా పోగొట్టుకున్న వలస అది. కోరంగి నుంచి బర్మా వెళ్లిన తెలుగువాళ్లకి ఊరి పేరైనా మిగిలింది, అక్కడ వాళ్లని "కోరంగీలు" అన్నారు.

ఈ నీళ్లు ఎప్పుడూ రాగిరంగులో మెరుస్తూ ఉండలేదు. 1789లో, మళ్లీ 1839లో ఉప్పెన వచ్చి కోరంగిని ముంచింది. ఆ 1789 నాటి ఉప్పెన గురించి రాసిన హెన్రీ పిడింగ్టనే "సైక్లోన్" అన్న ఇంగ్లీషు మాటని పుట్టించాడు. లోకమంతా వాడే ఆ మాట వెనక మా పక్క ఊరి చావులున్నాయి. మా తరం చూసినవి 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుఫాను. ఆ రాత్రి గురించి భైరవపాలెం వైపు ఎవరినడిగినా చెప్తారు.

అవతల కాదన్నది ఇవతల

20వ శతాబ్దానికి వచ్చేసరికి రేవు ఇంకో రకంగా బతికింది. చుట్టూ బ్రిటిషు రాజ్యం, మధ్యలో ముప్ఫై చదరపు కిలోమీటర్ల ఫ్రెంచి రాజ్యం. అవతల చట్టం కాదన్నది ఇవతల దొరుకుతుంది. మంగళవారం సంతకి విదేశీ సరుకుల కోసం ఊళ్లకి ఊళ్లే వచ్చేవి. ఇది విని నవ్వుకోవచ్చు. తర్వాతిది నవ్వుకునేది కాదు.

1929లో శారదా చట్టం వచ్చింది. 1930 ఏప్రిల్ నుంచి బ్రిటిషు ఇండియాలో పద్నాలుగేళ్లు నిండని ఆడపిల్లకి పెళ్లి చేయడం నేరం. ఫ్రెంచి యానాంలో ఆ చట్టం లేదు. దాంతో గోదావరి జిల్లాల నుంచి పెళ్లివారు బళ్లు కట్టుకుని, పడవలెక్కి ఇక్కడికి వచ్చి ముహూర్తాలు పెట్టుకున్నారు. ఊరికి కల్యాణపురం అని పేరొచ్చింది. వినడానికి ఎంత అందమైన పేరు!

మా తాతమ్మ కోనసీమ నుంచి అలా పడవలో వచ్చిన పెళ్లికూతురే. అప్పటికి ఆవిడకి తొమ్మిదేళ్లు. మనవలు పెళ్లి కబుర్లు చెప్పమంటే ఆవిడ మంగళసూత్రం గురించి గానీ మేళం గురించి గానీ చెప్పేది కాదుట. పడవలో నిద్రపోయాననీ, లేచేసరికి అమ్మ వేరే పడవలో ఉందనీ చెప్పేదిట. మా ఇంట్లో ఈ సంగతి నవ్వులాటగానే చెప్పుకుంటూ వచ్చారు. నవ్వులాటగా చెప్పుకోవడం ఇక చాలనుకున్నాం.

మద్యం కథ కూడా అదే దారి. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా మద్యనిషేధం వచ్చింది. ఫ్రెంచి యానాంలో లేదు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారి నాయకత్వంలో యానాం విమోచనం జరిగింది, నవంబరు 1న ఫ్రెంచి వలసలన్నీ భారతదేశం చేతికి వచ్చాయి. అదే నెలలో, మద్యనిషేధం గొడవ మీదే, కర్నూలులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం పడిపోయింది. చట్టప్రకారం పూర్తి విలీనం 1962 ఆగస్టు 16న. జెండా మారింది గానీ పరిపాలన ఎనిమిది వందల కిలోమీటర్లకి పైగా దూరాన ఉన్న పుదుచ్చేరి నుంచే. అందుకని నియమాలు వేరే, సుంకాలు వేరే, సీసా ధర వేరే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలింది. ఆ రోజుల్లో అటునుంచి తాగడానికి వచ్చేవాళ్లకి మా ఊరు చిరునామా అయింది. "యానాం వెళ్లొచ్చాను" అంటే ఎందుకని ఎవరూ అడగక్కర్లేకపోయింది. బోర్డు మీద "వైన్స్" అని ఉంటుంది, లోపల అడిగేది బ్రాందీ, విస్కీ. ద్రాక్షసారా కోసం ఎవరూ రారు. అవతల ఊళ్లలో ఆడవాళ్లు పోరాడి ఆపించిన సీసా మా రేవు దాటి మళ్లీ వాళ్ల ఇంటికే చేరింది. వ్యాపారం చేసుకున్నవాళ్లలో మా చుట్టాలూ ఉన్నారు, తాగి పోయినవాళ్లలోనూ మావాళ్లున్నారు.

పడవలో ఏం చెప్పాలి

బాలయోగిగారి పేరు పెట్టిన వంతెన వచ్చాక ఎదుర్లంక వెళ్లడానికి పంటు అక్కర్లేదు. జనాన్నీ సామాన్నీ దాటించిన సరంగుల పిల్లలు వేరే పనుల్లో కుదిరారు. నది ఇప్పుడు చూడ్డానికి మిగిలింది. చూసేవాళ్లు రావాలి, పడవలు తిరగాలి, నలుగురికి పని దొరకాలి. దానికి మేం అడ్డం చెప్పం. ఎవరైనా రేపు గ్లాసులో వైను పోసి ఇస్తామన్నా, అది లైసెన్సులు ఇచ్చే ప్రభుత్వానికీ తాగేవాళ్లకీ సంబంధించిన సంగతి.

మేం అడిగేది వేరు. పోర్తోలో పడవవాడు వైను గురించి చెప్తాడు, ఎందుకంటే ఆ నది మోసింది వైను. గౌతమి మోసింది గుడ్డమూటలని, కూలీలని, తొమ్మిదేళ్ల పెళ్లికూతుళ్లని, చాటుగా సీసాలని. పడవ రేవు వదిలాక ఇంజరం ఎటుందో చూపించి అక్కడి మగ్గాల సంగతి చెప్పాలి. కోరంగి పాయ చీలే చోట ఆ పదిహేనుమంది మాట చెప్పాలి. రీయూనియన్ నుంచి తాతల ఊరు వెతుక్కుంటూ ఎవరైనా వస్తే ఆ పడవలో మొదటి చోటు వాళ్లకివ్వాలి. కల్యాణపురం అన్న పేరు చెప్పినప్పుడు పెళ్లికూతుళ్ల వయసు కూడా చెప్పాలి.

హోసూరులో, బరంపురంలో, బళ్లారిలో, షోలాపూరులో స్థిరపడ్డ మన కుటుంబాలకి ఒక మనవి. మీ పెద్దలు ఆ ఊరికి దేనిమీద వచ్చారు, అదే బండిలో, అదే పడవలో, అదే రైల్లో ఇంకా ఏం వచ్చాయి, ఏం తిరిగి వెళ్లాయి అని ఇంట్లో ఎనభై దాటినవాళ్లుంటే ఇప్పుడే అడగండి. ముఖ్యంగా ఆడవాళ్లని అడగండి. మా తాతమ్మ చెప్పిన ఆ రెండు ముక్కలూ ఏ కాగితంలోనూ లేవు. ఆవిడ మాట మనవరాలు ఒకరు గుర్తుపెట్టుకోబట్టి మాదాకా వచ్చింది.