కన్ను ఎర్రబడితే కళ్లకలకేనా? కార్నియా ఇన్ఫెక్షన్‌ను ఇలా అనుమానించండి

కన్ను ఎర్రబడగానే మెడికల్ షాపులో చుక్కల మందు కొని వేసుకుంటున్నారా? అది మామూలు అలర్జీ అయితే తగ్గిపోవచ్చు. కానీ నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే పొర కార్నియా. దానికి ఇన్ఫెక్షన్ సోకితే ఒకటి రెండు రోజుల ఆలస్యం కూడా చూపును దెబ్బతీయొచ్చు.

తేడా ఎలా తెలుస్తుంది?

• రెండు కళ్లలోనూ దురద, నీరు కారడం: ఎక్కువగా అలర్జీ.

• ఇసుక పడినట్టు గరగర, ఫోన్ చూస్తుంటే మంట: కళ్లు పొడిబారడం కావచ్చు.

• పుసులు, ఉదయానికి రెప్పలు అంటుకుపోవడం, చూపు మాత్రం బాగానే ఉండటం: కళ్లకలక. ఇదీ ఇన్ఫెక్షనే, కానీ సాధారణంగా తెల్లగుడ్డు మీది పొరకే పరిమితం.

• తీవ్రమైన కంటినొప్పి, తలనొప్పి, వాంతులు, బల్బు చుట్టూ రంగు వలయాలు: కంటి ఒత్తిడి హఠాత్తుగా పెరిగి ఉండొచ్చు. ఇది ఇన్ఫెక్షన్ కాదు, అయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

• ఒక కంట్లో నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ: కార్నియా ఇన్ఫెక్షన్ కావచ్చు. హెర్పిస్ వైరస్ వల్ల వస్తే నొప్పి తక్కువగానూ ఉండొచ్చు.

స్టెరాయిడ్ చుక్కలతో ప్రమాదం ఏంటి?

తెల్ల మచ్చలన్నీ ఇన్ఫెక్షన్ వల్లే రావు. రెప్పల అంచులు తరచూ వాచేవారిలో నల్లగుడ్డు అంచున చిన్న మచ్చలు వస్తుంటాయి. ఇవి శరీర రోగనిరోధక స్పందన వల్ల ఏర్పడేవి. వీటికి డాక్టర్లు స్టెరాయిడ్ చుక్కలు ఇస్తారు. అవే చుక్కలు ఫంగస్ లేదా హెర్పిస్ ఉన్న కంట్లో వేస్తే జబ్బు ముదురుతుంది. ఎరుపు తగ్గి నయమైనట్టు అనిపించినా లోపల పుండు పెరుగుతూనే ఉండొచ్చు.

డాక్టర్‌కు ఏం చెప్పాలి?

కంటికి చెట్టు కొమ్మో, వరి ఆకో, మట్టో తగిలిందా? అయితే ఫంగస్ అనుమానం ఎక్కువ. కాంటాక్ట్ లెన్సులతో నిద్రపోయారా, వాటిని కుళాయి నీటితో కడిగారా? అదీ చెప్పండి. వాడిన చుక్కల సీసా, లెన్స్ డబ్బా వెంట తీసుకెళ్లండి. స్లిట్ ల్యాంప్‌తో చూశాక, అవసరమైతే పుండు నుంచి కొద్దిగా గీకి నమూనాను ల్యాబ్‌కు పంపుతారు. బ్యాక్టీరియానా, ఫంగసా అన్నది దాన్నిబట్టి తేలుస్తారు.

ఎక్కడికి వెళ్లాలి?

హైదరాబాద్ మెహిదీపట్నంలో సరోజినీదేవి కంటి ఆసుపత్రి, విశాఖలో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్నాయి. ఇతర చోట్ల ప్రభుత్వ బోధనాసుపత్రిలోని కంటి విభాగానికి వెళ్లండి.

అప్పటిదాకా కన్ను నలపొద్దు, కట్టు కట్టొద్దు, లెన్సులు పెట్టొద్దు. పుండు మానినా మచ్చ మిగిలిపోవచ్చు. మన ఇళ్లలో 'కంట్లో పువ్వు' అనేది దాన్నే. అది నల్లగుడ్డు మధ్యలో పడితే చూపు తగ్గిపోతుంది.