పాత యజమాని రాసే మాట: రిఫరెన్స్ లేఖలూ టార్ట్ బాధ్యతా

కొలువు విడిచిన ఉద్యోగి గురించి పాత యజమాని కొత్త యజమానికి రాసిచ్చే అభిప్రాయమే రిఫరెన్స్. అందులో తప్పు దొర్లి ఉద్యోగం చేజారితే నష్టపరిహారం దక్కుతుందా? ఇంగ్లండు టార్ట్ న్యాయంలో, అంటే ఒకరివల్ల మరొకరికి జరిగిన హానికి సివిల్ కోర్టు పరిహారం ఇప్పించే న్యాయంలో, ఈ ప్రశ్న రెండు శతాబ్దాలు నలిగింది.

మొదట ఇది ఇంటి పనివాళ్ల వ్యవహారం. వంటమనిషికైనా బండి తోలేవాడికైనా పాత దొర ఇచ్చిన కాగితం లేనిదే మంచి ఇంట్లో పని దొరికేది కాదు. దాంతో దొంగ కాగితాలు పుట్టుకొచ్చాయి. 1792లో పార్లమెంటు చట్టం చేసి, అబద్ధపు యోగ్యతాపత్రాలకు 20 పౌండ్ల జరిమానా పెట్టింది. ఆ చట్టం కాపాడింది కొత్త యజమానిని. పనివాడి గోడు దానికి పట్టలేదు. 1800లో కారల్ వర్సెస్ బర్డ్ కేసులో సంగతి ఇంకా స్పష్టమైంది. యోగ్యతాపత్రం ఇవ్వనన్న యజమానిపై దావా చెల్లదు.

ఇచ్చిన కాగితంలో నింద ఉంటే పరువునష్టం దావా వేయొచ్చు. కానీ అందులో గెలుపు అంత సులువు కాదు. 1834 నాటి టూగుడ్ వర్సెస్ స్పైరింగ్ కేసు చూడండి. మరమ్మతులకు వచ్చిన వడ్రంగి సెల్లారు తలుపు పగలగొట్టి, తప్పతాగి, పని పాడుచేశాడని ఒక కౌలురైతు ఆరోపించాడు. చెప్పాల్సిన బాధ్యత ఉన్నచోట నిజాయితీగా చెప్పిన మాట పొరపాటైనా దానికి రక్షణ ఉంటుందని జడ్జి బారన్ పార్క్ సూత్రీకరించాడు. అప్పట్నుంచి దురుద్దేశం రుజువు చేయాల్సిన బరువు నిందపడ్డవాడి నెత్తిన పడింది. ఎదుటివాడి మనసులోని కసిని కోర్టులో చూపించడం ఎంత కష్టమో వకీళ్లకు తెలుసు.

1963లో హెడ్లీ బర్న్ కేసు మరో దారి తెరిచింది. ఒక కంపెనీ ఆర్థిక స్థితి బాగుందని బ్యాంకు ఇచ్చిన రిఫరెన్స్‌ను నమ్మి ప్రకటనల సంస్థ నష్టపోయింది. బాధ్యత మాది కాదని ముందే రాసుకున్నందున ఆ బ్యాంకు బయటపడినా, నిర్లక్ష్యంగా చెప్పిన మాటకు బాధ్యత ఉండొచ్చని అప్పటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) అంగీకరించింది. అయితే ఇది కాగితం అందుకున్నవాడికి దొరికిన రక్షణ. కాగితం ఎవరి గురించో, ఆ మనిషి ఇంకా 30 ఏళ్లు ఆగాల్సి వచ్చింది.

ఆ మలుపు 1994లో స్ప్రింగ్ వర్సెస్ గార్డియన్ అష్యూరెన్స్ తీర్పుతో వచ్చింది. బీమా పాలసీలు అమ్మే ఒక ఉద్యోగిని తీసేశాక, అతనికి నిజాయితీ లేదని, కమిషన్ కోసం పాలసీలు అంటగట్టాడని పాత సంస్థ రిఫరెన్స్ రాసింది. ఇక ఆ రంగంలో అతనికి తలుపులు మూసుకుపోయాయి. రాసినవాళ్లకు కసి లేదు, సరిగ్గా విచారించలేదంతే. పాత సూత్రం ప్రకారం అతను ఓడిపోవాలి, అప్పీలు కోర్టులో ఓడాడు కూడా. ప్రభువుల సభ మాత్రం 4–1తో ఉద్యోగి పక్షాన నిలిచింది: రిఫరెన్స్ రాసేటప్పుడు తగిన జాగ్రత్త తీసుకోవడం పాత యజమాని విధి. పరువునష్టం చట్టం ఇచ్చిన రక్షణను ఇది దొడ్డిదారిన తీసేస్తోందని లార్డ్ కీత్ విభేదించాడు. ఆయన వాదనలో పస లేకపోలేదు. దావాల భయంతో ఎన్నో కంపెనీలు చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, ఈ మూడూ రాసి సంతకం చేయడానికే పరిమితమయ్యాయి. చెడ్డ ఉద్యోగితోపాటు మంచివాడూ ఆ మూడు లైన్లతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

భారతదేశంలో టార్ట్ న్యాయానికి సమగ్ర చట్టం లేదు; కోర్టులు తరచు ఇంగ్లిష్ తీర్పులనే ఆధారం చేసుకుంటాయి. పార్క్ సూత్రాన్ని పోలినది 1860 శిక్షాస్మృతి 499వ సెక్షన్ 9వ మినహాయింపులో ఉంది: తన లేదా ఇతరుల ప్రయోజనం కాపాడేందుకు సద్భావంతో అన్న మాట పరువునష్టం కాదు. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లోకి చేరింది. అభిప్రాయం మాట ఎలా ఉన్నా, సర్వీసు సర్టిఫికెట్ విషయంలో మన నిబంధనలు కారల్ తీర్పుకన్నా మెరుగు. తొలగించినా, పదవీ విరమణ చేసినా పర్మనెంటు కార్మికుడికి దాన్ని ఇవ్వాలని 1946 నాటి కేంద్ర నమూనా స్టాండింగ్ ఆర్డర్లు చెప్పాయి. అయితే హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో తగువు ఎక్కువగా రిలీవింగ్ లెటర్ దగ్గర, అంటే ఉద్యోగం నుంచి విడుదల చేశామని ఇచ్చే పత్రం దగ్గర, వస్తుంది. నోటీసు పీరియడ్ పూర్తికాలేదనో, బాండు డబ్బు కట్టలేదనో యాజమాన్యం దాన్ని ఆపేస్తే, ఆఫర్ చేతిలో ఉన్నా కొత్త కంపెనీ హెచ్ఆర్ చేర్చుకోవడానికి వెనకాడుతుంది.