విశాఖకు నీరు అమ్మినదెవరు?

విశాఖపట్టణము పేరు చెప్పగానే మనకు సముద్రము స్ఫురించును. కాని ఆ నగరము పెరిగినకొద్దీ దానికి కొరతపడినది మంచినీరే. 1933లో రేవు ప్రారంభమైననాడు ఆ చిన్న పట్టణమునకు ముడసర్లోవ వంటి చిన్న జలాశయముతో గడచిపోయెడిది. తరువాత 1957లో చమురుశుద్ధి కర్మాగారము, 1967లో ఎరువుల కర్మాగారము, 1977లో జింకు కర్మాగారము వచ్చినవి. నగరము గోస్తనీ నదిపై తాటిపూడికి, మేహాద్రిగెడ్డకు, శారదానదిపై రైవాడకు వరుసగా చేయి చాచినది. 1971 జనవరి 20న ఇందిరాగాంధి ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన చేసినారు. ఉక్కు తయారగుటకు ఇనుపరాయి, బొగ్గు ఎంత అవసరమో, కొలుములను, యంత్రములను చల్లార్చుటకు నీరును అంతే అవసరము. ఆ నీటి కొఱకు ఏలేశ్వరము వద్దనున్న ఏలేరు జలాశయమునుండి సుమారు 150 కిలోమీటర్ల పొడవున కాలువ త్రవ్వి, కర్మాగారమునకు దగ్గరగా కణితి వద్ద మరియొక జలాశయమును నింపవలసివచ్చినది.

ఈ చరిత్రలో ఒక వింత కలదు. నీరు పొందినవారు అడుగడుగునా కనబడుదురు. అమ్మినవాడు మాత్రము ఎక్కడను కనబడడు. నీరు పొలమునుండి పట్టణమునకు, కర్మాగారమునకు ప్రభుత్వపు ఉత్తరువులపై నడచినదే గాని బేరముపై నడచినది కాదు. రైవాడ జలాశయము క్రింద సుమారు 15,000 ఎకరముల ఆయకట్టు కలదు. ఆ నీరు పూర్తిగా సేద్యమునకే వదలవలెనని అక్కడి రైతులు ఏండ్ల తరబడి ఆందోళన చేయుచున్నారు. వారి కోపమునకు కారణము తెలియవలెనన్న చిన్న లెక్క ఒకటి వేయవలెను.

ఒక క్యూసెక్కు అనగా సెకనుకు ఒక ఘనపు అడుగు, అనగా 28.3 లీటర్ల ప్రవాహము. అది ఒక దినమునకు సుమారు 24.5 లక్షల లీటర్లగును. మనిషికి దినమునకు 135 లీటర్ల చొప్పున పంచినచో ఆ నీరు 18,000 మంది నగరవాసులకు చాలును. అదే నీటిని 60 ఎకరముల వరిచేనులో పెట్టినచో దినమునకు ఒక సెంటీమీటరు లోతున నిలుచును. వరికి రమారమి అంత కావలెను. (విద్యార్థులు ఎకరమును 4,047 చదరపు మీటర్లుగా తీసికొని ఈ లెక్కను సరిచూడవచ్చును.) ఒకవంక 60 ఎకరముల పంట, మరియొకవంక 18,000 మంది దాహము. నగరము ఈ నీటికి ఎంత వెలయైనను ఇచ్చుకొనగలదు; రైతు ఇచ్చుకొనలేడు. అటువంటప్పుడు నగరమే రైతుకు వెల చెల్లించి ఆ నీటిని కొనరాదా అన్నది ఆర్థికశాస్త్రజ్ఞుల ప్రశ్న.

ఇది కేవలము ఊహ కాదు. 1991లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము అనావృష్టి పాలైనప్పుడు అక్కడి ప్రభుత్వము ఒక 'నీటి బ్యాంకు' తెరచినది. రైతులవద్ద ఎకరపు-అడుగు నీటిని 125 డాలర్లకు కొని, 175 డాలర్లకు పట్టణములకును, ఇతరులకును అమ్మినది. (ఒక ఎకరముపై ఒక అడుగు లోతున నిలుచు నీరే ఎకరపు-అడుగు, అది సుమారు 1,233 ఘనపు మీటర్లు.) ఆ యేడు సుమారు 8 లక్షల ఎకరపు-అడుగుల నీరు చేతులు మారినది. చాలమంది రైతులు పొలములను బీడు పెట్టి నీటిని అమ్మిరి. అందువలన వారికి డబ్బు ముట్టినది. ఆ పొలములలో పనిచేయు కూలీలకు మాత్రము పని పోయినది. బేరములో వారి పేరు లేదు.

శారదానది లోయలో ఇట్టి బేరమే జరిగినదనుకొందము. విక్రేత ఎవరు? మన చట్టముల ప్రకారము కాలువలో నీరు ప్రభుత్వముది. ఆయకట్టుదారునికి నీరు పొందు ఆనవాయితీ కలదు గాని దానిని అమ్ము హక్కు లేదు. 1997 చట్టముతో ఆంధ్రప్రదేశములో నీటివినియోగదారుల సంఘములు ఏర్పడినవి; అవి కాలువలను బాగుచేసికొనుటకు, నీటిని పంచుకొనుటకు ఉద్దేశించినవి. సరే, భూస్వామికి హక్కు ఇచ్చితిమనుకొందము. కౌలుదారు మాట ఏమి? నాటు వేయు ఆడకూలీ మాట ఏమి? నాకు తోచినంతవరకు నీటిబజారులో వెల కట్టుట సులభము. హక్కుదారుని తేల్చుటయే కష్టము.

ఇప్పుడు నీటివెంట రెండవవైపునకు పోదము. కర్మాగారములలోనికి వచ్చిన నీరు మలినమై బయటికి పోవును. విశాఖ లోపలి రేవు ఒకనాటి ఉప్పుటేటి చిత్తడినేలను త్రవ్వగా ఏర్పడినది. మేహాద్రిగెడ్డ అందులోనే కలియును. అక్కడ సముద్రపు పోటుపాటుల ఎత్తు సుమారు ఒకటిన్నర మీటరు మాత్రమే, ద్వారమా ఇరుకు. కనుక లోనికి చేరిన మురుగు త్వరగా బయటికి పోదు. నగరపు మురుగులోని సేంద్రియ పదార్థమును సూక్ష్మజీవులు తినునప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించిపోవును; చేపలకు ఊపిరి ఆడదు.

మాలిన్యమునకు గూడ బజారు ఉండవచ్చునని 1968లో కెనడా ఆర్థికశాస్త్రజ్ఞుడు డేల్స్ వ్రాసినాడు. ఒక నది ఎంత మాలిన్యము భరింపగలదో ముందు నిర్ణయించి, అంతవరకే అనుమతిపత్రములు పంచవలెను. తక్కువ ఖర్చుతో శుద్ధిచేయగలవాడు తన మిగులు పత్రములను ఎక్కువ ఖర్చగువానికి అమ్ముకొనును. 1981లో అమెరికాలోని ఫాక్స్ నదిపై, కాగితపు మిల్లుల నడుమ దీనిని ప్రయత్నించిరి. నిబంధనలు ఎంత బిగువైనవనగా పదిపన్నెండు ఏండ్లలో ఒకే ఒక్క బేరము జరిగినది! ఆస్ట్రేలియాలో హంటర్ నది కథ వేరు. అక్కడ బొగ్గుగనులు, విద్యుత్కేంద్రములు ఉప్పునీటిని నదిలోనికి విడిచెడివి. దిగువ రైతుల పంటలు దెబ్బతినెడివి. 1995లో ఒక పద్ధతి ప్రారంభించిరి. నదిలో నీరు తక్కువగా నున్నప్పుడు ఎవరును ఉప్పునీరు విడువరాదు. ఎక్కువగా ప్రవహించునప్పుడు, ఉప్పదనము ఒక హద్దు మీరనంతవరకు, తమ వాటాల మేరకు విడువవచ్చును. మొత్తము వాటాలు 1,000. నదివెంట నిలిపిన కొలత సాధనములే దానికి కావలివాండ్రు.

మనదేశము వేరొక దారి త్రొక్కినది. 1974లో జలకాలుష్య నివారణ చట్టము, 1977లో నీటి సెస్సు చట్టము వచ్చినవి. పరిశ్రమ వాడుకొన్న నీటినిబట్టి సెస్సు కట్టవలెను. శుద్ధియంత్రము పెట్టినవారికి మొదట నూటికి 70 వంతుల తగ్గింపు ఉండెడిది, 1991లో దానిని 25కు దించిరి. కాని ఆ సెస్సు వెయ్యి లీటర్లకు కొద్ది పైసలే! ఆ పైసలకు జడిసి ఎవరు నీరు పొదుపు చేయుదురు? 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశములోని తీవ్ర కాలుష్య ప్రాంతముల జాబితా ప్రకటించగా అందులో విశాఖపట్టణము ఉన్నది. 2017లో జి.ఎస్.టి. రాకతో నీటి సెస్సు రద్దయినది.

హంటర్ పద్ధతిని యథాతథముగా విశాఖ రేవునకు తేలేము. ఉప్పు ఎక్కడినుండి వచ్చినను ఉప్పే. రేవులోనైతే జింకు వేరు, అమ్మోనియా వేరు, మురుగు వేరు. ఒకదానిని తగ్గించి మరియొకదానిని పెంచుటకు వీలులేదు. పైగా లోపలిరేవు మూలన విడిచిన కిలో మాలిన్యము, బయటి సముద్రములో విడిచిన కిలో సమానము కావు. ఏ గొట్టమునుండి ఏమి ఎంత వచ్చుచున్నదో గంటగంటకు కొలిచి, ఆ అంకెలను అందరి ముందుంచినచో, బేరము సంగతి తరువాత ఆలోచింపవచ్చును.

నీటి వాటాల కథ ఇంకను ముగియలేదు. పోలవరము ఎడమ కాలువ ద్వారా గోదావరినుండి విశాఖ నగరమునకు, పరిశ్రమలకు 23.44 టి.ఎం.సి. నీరు ఉద్దేశింపబడినది. రైవాడ రైతులు తమ ఏటి నీటిని తమకు వదలుమని అడుగుచునే ఉన్నారు.